పేస్‌మేకర్ తీగ ఎక్కడుండాలి?

(మన సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను విద్యుత్తు మీద మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా థర్మల్ కేంద్రాల్లో పనిచేస్తున్నవాణ్ణి కనుక ఏ బొగ్గు గురించో, సౌర విద్యుత్తు గురించో చెబుతాననుకుని ఉంటారు. నేను చెప్పబోయేదీ విద్యుత్తు గురించే. కాకపోతే ఇది రెండు మూడు వోల్టుల విద్యుత్తు. ఒక్కో పల్స్ అర మిల్లీసెకను కూడా ఉండదు. పేస్‌మేకర్ గుండెకు ఇచ్చేది అంతే.

నేను వైద్యుణ్ణి కాదని ముందే మనవి చేస్తున్నాను. మందుల సంగతి నన్ను అడక్కండి. అయితే ఈ హాల్లో ఒకసారి చూస్తే, అరవై దాటినవాళ్ళం సగం మందిమైనా ఉన్నట్టున్నాం. ఇంట్లో అమ్మకో నాన్నకో, లేదంటే మనకే, "పేస్‌మేకర్ పెట్టాలి" అనే మాట వినపడే వయసులో ఉన్నాం. ఆ మాట విన్న రోజు మనం అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంతవుతుంది? బ్యాటరీ ఎన్నేళ్ళొస్తుంది? అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటుంది. తీగ చివర గుండెలో ఎక్కడ పెడతారు? ఇవాళ దాని గురించే చెబుతాను.

జీవశాస్త్రం మాస్టారు నల్లబల్ల మీద గుండె బొమ్మ వేసి, పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు అని రాయించిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. కుడి కర్ణికలో సిరాకర్ణికా కణుపు ఉంటుంది. దాన్నే లయారంభకం అన్నాం. అక్కడ పుట్టిన విద్యుత్ సంకేతం కర్ణికలంతా పాకి, కర్ణికా జఠరికా కణుపు దగ్గరికి వచ్చి సుమారు పదో వంతు సెకను ఆగుతుంది. ఆ ఆగడం ఊరికే కాదు. కర్ణికలు తమ రక్తాన్ని కిందకు పంపడానికి కావలసిన వ్యవధి అది. తరవాత హిస్ కట్ట, దాన్నుంచి కుడి ఎడమ శాఖలు, చివర పుర్కింజి తంతువులు. పరీక్షకు ఈ వరస బట్టీ పట్టి రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఇన్ని తంతువులు ఎందుకు అని మాత్రం నేను అడిగిన గుర్తు లేదు. గుండె కండరానికి సంకేతాన్ని ఒక కణం నుంచి పక్క కణానికి అందించుకునే శక్తి ఉంది కదా. మరి వేరే తీగలెందుకు?

జవాబు వేగంలో ఉంది. పుర్కింజి తంతువుల్లో సంకేతం సెకనుకు రెండు నుంచి నాలుగు మీటర్లు పోతుంది. మామూలు కండరంలో అది అర మీటరు, మహా అయితే ఒక మీటరు. తంతువులు కండరం లోపలి పొర అంతటా వలలా అల్లుకుని ఉంటాయి కనుక రెండు జఠరికల్లోని కోట్లాది కణాలకు సంకేతం పదో వంతు సెకను లోపే అందుతుంది. అందరికీ దాదాపు ఒకేసారి. అప్పుడు ఎడమ జఠరిక తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతూ ముడుచుకుని రక్తాన్ని బయటకు తోస్తుంది.

మన డ్రిల్లు మాస్టారి ఈల గుర్తు తెచ్చుకోండి. మైదానంలో నాలుగు వందల మందిమి వరసల్లో నిలబడేవాళ్ళం. ఈల వినపడగానే అందరి చేతులూ ఒక్కసారే లేచేవి. ఈల పోయిన రోజున ఏమయ్యేది? ముందు వరసవాణ్ణి చూసి రెండో వరసవాడు, వాణ్ణి చూసి మూడో వరసవాడు ఎత్తేవాళ్ళు. చివరి వరస చేతులెత్తేసరికి మొదటి వరసవాళ్ళు దించేసేవాళ్ళు. పుర్కింజి వల ఈల లాంటిది. కండరం నుంచి కండరానికి పాకే సంకేతం, పక్కవాణ్ణి చూసి చేయి ఎత్తడం లాంటిది.

ఇప్పుడు పేస్‌మేకర్ దగ్గరికి వద్దాం. దీని చరిత్రలో మా విద్యుత్తువాళ్ళకు కాస్త తలవంపులు ఉన్నాయి. తొలినాటి పేస్‌మేకర్లు గోడకున్న ప్లగ్గుకు తగిలించేవి. 1957 అక్టోబరు 31న అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో కరెంటు పోయింది. అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పిల్లల గుండె ఆపరేషన్లు చేసే వాల్టన్ లిల్లెహై, బ్యాటరీతో నడిచేది కావాలని ఎర్ల్ బాకెన్‌ను అడిగాడు. బాకెన్ ఆసుపత్రి పరికరాలు బాగుచేసే ఇంజనీరు. ఆయన ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో అచ్చయిన మెట్రోనోమ్ సర్క్యూట్ తీసుకున్నాడు. సంగీతం నేర్చుకునేవాళ్ళకు టక్ టక్ మని తాళం చెప్పే యంత్రం అది. దాన్ని మార్చి నెల తిరక్కుండా చేతిలో పట్టే పేస్‌మేకర్ తయారుచేశాడు. మరుసటి ఏడు, 1958 అక్టోబరు 8న, స్వీడన్‌లోని స్టాక్‌హోంలో ఆకె సెన్నింగ్ అనే శస్త్రవైద్యుడు, రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు కలిసి ఆర్నె లార్సన్ అనే రోగి ఒంట్లోనే మొదటిసారి పేస్‌మేకర్ అమర్చారు. బూటు పాలిష్ డబ్బా అంత ఉండేదది. కొన్ని గంటలే పనిచేసింది. అయినా లార్సన్ ఆ తరవాత ఒకదాని వెంట ఒకటిగా మొత్తం 26 పేస్‌మేకర్లతో 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. తనకు ప్రాణం పోసిన ఆ వైద్యుడి కంటే, ఆ ఇంజనీరు కంటే కూడా ఎక్కువ కాలమే ఉన్నాడు.

మెట్రోనోమ్ నుంచి పుట్టిన సంగతి ఎందుకు చెప్పానంటే, ఆ తరవాత చాలా ఏళ్ళు పేస్‌మేకర్‌ను అందరూ అలాగే చూశారు. నిమిషానికి ఇన్నిసార్లు తాళం పడితే చాలు. తీగను భుజం దగ్గరి సిర గుండా దింపి, కుడి జఠరిక అడుగున మొన దగ్గర ఆనించేవారు. అక్కడ తేలిగ్గా నిలుస్తుంది, జారదు. ఎన్నో లక్షల మందిని అది బతికించింది, ఇప్పటికీ బతికిస్తోంది. దాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. పూర్తి హార్ట్ బ్లాక్ వచ్చి గుండె నిమిషానికి ముప్పైసార్లు కొట్టుకుంటూ కళ్ళు తిరిగి పడిపోయే మనిషికి, తీగ ఎక్కడ పెట్టినా అది వరమే.

కానీ ఆ తీగ చివర తగిలేది పుర్కింజి వలకు కాదు, ఉత్త కండరానికి. అంటే ఈల లేదు. సంకేతం కుడి మొన నుంచి బయల్దేరి, కణం కణం పాకుతూ, మధ్య గోడ దాటి, చివరికి ఎడమ జఠరిక బయటి గోడకు చేరాలి. మామూలుగా వంద మిల్లీసెకన్ల లోపు అయ్యే పనికి నూట యాభై, నూట డెబ్భై దాకా పడుతుంది. ఈసీజీలో నిటారుగా సన్నగా ఉండాల్సిన గీత వెడల్పయి కనిపిస్తుంది. దాన్నే క్యూఆర్‌ఎస్ వెడల్పు అంటారు.

మా కేంద్రంలో కొత్త యూనిట్‌ను గ్రిడ్‌కు కలిపేటప్పుడు చూసే పద్ధతి ఒకటుంది. జనరేటరు 3000 ఆర్‌పీఎం తిరుగుతోంది, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్‌జ్ వచ్చింది, వోల్టేజి సరిపోయింది. అయినా బ్రేకర్ వెయ్యం. సింక్రోస్కోపు ముల్లు పన్నెండు దగ్గరికి వచ్చేదాకా ఆగుతాం. అంటే ఫేజ్ కూడా కలవాలి. వేగం సరిపోయి ఫేజ్ కలవకుండా బ్రేకర్ వేస్తే ఎంత పెద్ద షాఫ్టయినా విలవిల్లాడిపోతుంది. పాతకాలపు పేస్‌మేకర్ ఫ్రీక్వెన్సీ చూసింది. ఫేజ్ చూడలేదు. పోలిక అక్కడితో సరి. జనరేటరు ఆ దెబ్బకు వెంటనే ట్రిప్పవుతుంది, గుండె మాత్రం ఏళ్ళ తరబడి ఓర్చుకుంటుంది. చిక్కంతా ఆ ఓర్పులోనే ఉంది.

జత తప్పిన కండరంలో జరిగేది కాస్త వివరంగా చెబుతాను. తీగ దగ్గరున్న మధ్య గోడకు సంకేతం ముందు అందుతుంది. అది ముడుచుకుంటుంది. అప్పటికి ఎదుటి గోడ ఇంకా వదులుగానే ఉంది. కాబట్టి మధ్య గోడ చేసిన పని రక్తాన్ని బయటకు పంపడానికి కాక ఎదుటి గోడను సాగదియ్యడానికి ఖర్చవుతుంది. కొంచెం ఆగి ఎదుటి గోడ ముడుచుకోవడం మొదలుపెడుతుంది. సాగి ఉంది కనుక బలంగా ముడుచుకుంటుంది, అప్పటికే వదులవుతున్న మధ్య గోడను వెనక్కి నెడుతుంది. రక్తం లోపలే అటూ ఇటూ ఊగుతుంది. ఇద్దరు కలిసి మోకు లాగాల్సిన చోట ఒకళ్ళ తరవాత ఒకళ్ళు లాగినట్టు. కండరం తినే ప్రాణవాయువు తగ్గదు, బయటకు వచ్చే రక్తం తగ్గుతుంది. కవాటాన్ని పట్టి ఉంచే చిన్న కండరాలు కూడా వేళ తప్పడంతో మైట్రల్ కవాటం కొందరిలో కారడం మొదలుపెడుతుంది. నెలలు, ఏళ్ళు గడిస్తే తక్కువ పని చేసిన గోడ పలచబడుతుంది, ఎక్కువ బరువు మోసినది మందమవుతుంది, గది పెద్దదవుతుంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఫ్రిట్స్ ప్రిన్‌జెన్ బృందం దీన్ని గోడ గోడకూ విడివిడిగా కొలిచి చూపించింది.

మూలంలో ఇది కొత్త విషయమేమీ కాదు. అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త కార్ల్ విగ్గర్స్ 1925లోనే జంతువుల గుండెల మీద చూసి రాశాడు, జఠరిక పైనుంచి కృత్రిమంగా ప్రేరేపిస్తే ముడుచుకునే బలం తగ్గుతుందని. మొదటి పేస్‌మేకర్ అమర్చడానికి 33 ఏళ్ళ ముందు మాట. ప్రాణం నిలబెట్టడమే గగనమైన రోజుల్లో దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

పట్టించుకునేలా చేసినవి ఈ శతాబ్దం మొదట్లో వచ్చిన పరీక్షలు. వాటిలో డేవిడ్ అనే అధ్యయనం 2002లో వచ్చింది. అందులో 506 మంది రోగులు. అందరికీ బలహీనమైన గుండె, ప్రాణం మీదికి వస్తే షాక్ ఇచ్చే పరికరం ఉంది. నెమ్మది గుండె కోసం పేసింగ్ అవసరం వాళ్ళెవరికీ లేదు. సగం మందికి పరికరాన్ని నిమిషానికి 40 కంటే తగ్గితే తప్ప కదలవద్దని అమర్చారు. మిగతా సగానికి రెండు గదుల్లోనూ 70 చొప్పున పేసింగ్ ఇచ్చారు. రెండోదే మేలు చేస్తుందని అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి చావు గానీ, గుండె వైఫల్యంతో ఆసుపత్రి గానీ లేకుండా ఉన్నవాళ్ళు మొదటి జట్టులో 83.9 శాతం, రెండో జట్టులో 73.3 శాతం. ఊరుకున్న పరికరమే గెలిచింది. మరుసటి ఏడు మోస్ట్ అనే అధ్యయనం లెక్కలు వచ్చాయి. రెండు గదుల పేస్‌మేకర్ ఉన్నవాళ్ళలో జఠరిక పేసింగ్ 40 శాతం దాటితే, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరే ముప్పు రెండున్నర రెట్ల పైన ఉందని తేలింది.

ఇక్కడ మా ఇంటి సంగతి చెబుతాను. మా పెద్దక్కయ్య ఈ బడి 1976 బ్యాచ్. మీలో చాలామందికి తెలుసు, రెండో వరసలోనే కూర్చుంది. చెప్పమని అనుమతి ఇచ్చింది కూడా. 2018లో ఆవిడకు పూర్తి హార్ట్ బ్లాక్ వచ్చి పేస్‌మేకర్ పెట్టారు. తీగ కుడి జఠరిక మొనలో. పెట్టినప్పుడు గుండె పంపింగ్ శాతం, ఈఎఫ్ అంటారే, అది 60 ఉంది. మూడేళ్ళు హాయిగా తిరిగింది. నాలుగో ఏట మెట్లెక్కితే ఆయాసం, రాత్రిళ్ళు రెండు దిండ్లు, కాళ్ళ వాపు. ఒక ఆసుపత్రిలో వయసన్నారు. నీటి మాత్రలిచ్చారు. పేస్‌మేకర్ చెక్ చేసి "బాగా పనిచేస్తోంది, బ్యాటరీకి ఢోకా లేదు" అన్నారు. నిజమే, పేస్‌మేకర్ బాగానే పనిచేస్తోంది. ఈఎఫ్ మాత్రం 38కి దిగింది.

ఆ చెకింగ్ కాగితం నా చేతికొచ్చింది. మనకు కాగితంలో అంకెలు చూడ్డం వృత్తి కదా. జఠరిక పేసింగ్ 99 శాతం అని ఉంది. ఈసీజీలో క్యూఆర్‌ఎస్ 168 మిల్లీసెకన్లు. రెండూ పట్టుకుని హైదరాబాదులో గుండె లయల నిపుణుడి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఐదు నిమిషాలు చూసి, "అమ్మా, మీ గుండెకు రోగం లేదు. మేం పెట్టిన తీగే దానికి బరువైంది" అన్నారు. మేం అని అన్నారు, వాళ్ళు అనలేదు. ఆ మాట నాకు నచ్చింది.

దీనికి వైద్యుల భాషలో పేసింగ్ వల్ల వచ్చే కార్డియోమయోపతి అని పేరుంది. అందరికీ రాదు. ఎక్కువ శాతం పేసింగ్ పడేవాళ్ళలో కొన్నేళ్ళలో పది నుంచి ఇరవై శాతం మందిలో కనిపిస్తుందని లెక్క. ముందే ఈఎఫ్ తక్కువ ఉన్నవాళ్ళకు ముప్పు ఎక్కువ.

మరి విరుగుడు? మొదటిది పైసా ఖర్చు లేనిది. కర్ణిక కణుపు ఒక్కటే మందగించి, కింద దారి బాగుంటే, జఠరికను సొంతంగా కొట్టుకోనిచ్చేలా పేస్‌మేకర్ ప్రోగ్రాం మార్చవచ్చు. పూర్తి బ్లాక్ ఉన్నవాళ్ళకు అది కుదరదు. వాళ్ళకు రెండో దారి, ఎడమ జఠరిక బయటి గోడకు సిర గుండా ఇంకో తీగ పంపి రెండు వైపుల నుంచీ ఒకేసారి ప్రేరేపించడం. రెండు జఠరికల పేసింగ్ అంటారు. బ్లాక్ హెచ్‌ఎఫ్ అనే అధ్యయనం 2013లో 691 మందిని పోల్చింది. అందరికీ కర్ణికా జఠరికా బ్లాక్, ఈఎఫ్ 50 లేదా అంతకు తక్కువ. చావు, అత్యవసర చికిత్స కావలసిన గుండె వైఫల్యం, గుండె గది పెరగడం ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగినవాళ్ళు కుడి తీగ ఒక్కటే ఉన్న జట్టులో 55.6 శాతం, రెండు తీగల జట్టులో 45.8 శాతం. మేలే. కానీ ఇదీ రెండు చోట్ల నుంచి కండరంలో పాకించడమే. ఈల మాత్రం ఊదలేదు. పైగా పరికరం ఖరీదు మన మధ్యతరగతి ఇళ్ళకు మామూలు దెబ్బ కాదు.

మూడో దారి, ప్రకృతి వేసిన తీగలకే పేస్‌మేకర్ తీగ తగిలించడం. 2000లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో మనదేశం నుంచి వెళ్ళిన ప్రమోద్ దేశ్‌ముఖ్ బృందం హిస్ కట్ట దగ్గర శాశ్వతంగా తీగ బిగించి చూపించింది. సంకేతం సహజమైన దారిలోనే దిగింది, ఈసీజీ గీత సన్నగానే ఉంది. కానీ హిస్ కట్ట మిల్లీమీటర్ల వెడల్పు. దాన్ని పట్టుకోవడం కష్టం, పట్టుకున్నాక ఎక్కువ వోల్టేజి అడుగుతుంది, బ్యాటరీ తొందరగా తరుగుతుంది. కొందరిలో ఏడాది రెండేళ్ళకు పట్టు జారేది. 2017లో చైనాలోని వెంజౌ నుంచి వెయ్‌జియాన్ హువాంగ్ బృందం ఇంకో కిటుకు ప్రకటించింది. కుడివైపు నుంచి మధ్య గోడలోకి తీగను మరలా తిప్పుతూ ఒకటిన్నర సెంటీమీటరు దాకా దింపి, అవతల ఉన్న ఎడమ శాఖను అందుకోవడం. ఎడమ శాఖ విసనకర్రలా పరుచుకుని ఉంటుంది కనుక దొరికే అవకాశం ఎక్కువ, వోల్టేజి తక్కువ చాలు. మన మధురైలోనూ దీని మీద చెప్పుకోదగ్గ పని జరిగింది.

అక్కయ్యకు 2022లో చేసింది ఇదే. కొత్త తీగ పెట్టాక క్యూఆర్‌ఎస్ 118కి వచ్చింది. ఏడాదికి ఈఎఫ్ 52. రెండో దిండు అలమరలోకి పోయింది.

ఒక్క మనిషి కథతో శాస్త్రం తేలదని సైన్సు మాస్టార్లు ఇప్పుడే లేచి అనగలరు. నిజమే. ఎడమ శాఖ పద్ధతిని రెండు జఠరికల పేసింగ్‌తో చీటీ వేసి పోల్చిన 2022 నాటి చైనా అధ్యయనంలో ఉన్నది 40 మందే. అందులో ఈఎఫ్ పెరుగుదల ఎడమ శాఖ జట్టులోనే ఎక్కువగా ఉంది. పెద్ద అధ్యయనాలు నడుస్తున్నాయి. తీగ గోడను చీల్చుకుని అవతలికి పొడుచుకు రావడం వంటి ఇబ్బందులూ ఉన్నాయి. చేతులు తిరిగిన వైద్యులు కావాలి. అయినా 2023లో అమెరికా, ఆసియా పసిఫిక్, లాటిన్ అమెరికా గుండె లయ సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఎక్కువ పేసింగ్ అవసరమయ్యే వాళ్ళకు, అందులోనూ ఈఎఫ్ కొంత తగ్గి ఉన్నవాళ్ళకు, ఈ సహజ మార్గపు పేసింగ్‌కు చోటు దొరికింది. నా అభిప్రాయం అడిగితే, పూర్తి బ్లాక్ ఉండి ఇంకా ఇరవై ఏళ్ళు బతకాల్సిన మనిషికి మొదటి రోజే ఈ మాట ఎత్తకపోవడం ఇప్పుడు సబబు కాదు. తొంభై ఏళ్ళ తాతగారికి, నెలకు నాలుగుసార్లు మాత్రమే పేసింగ్ అవసరమయ్యే ఆయనకు, పాత పద్ధతి చాలు.

తీగే లేని క్యాప్సూల్ పేస్‌మేకర్లు వచ్చాయి కదా అని పొద్దున టిఫిన్ల దగ్గర ఒకరు అడిగారు. వచ్చాయి, మంచివే. చర్మం కింద జేబు ఉండదు, తీగ తెగే భయం ఉండదు. కానీ మామూలుగా కూర్చోబెట్టేది కుడి జఠరికలోనే, కండరం మీదే. కనుక ఇందాకటి ప్రశ్న వాటికీ వర్తిస్తుంది.

ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే పేస్‌మేకర్ ఉంటే, ఈసారి చెకింగ్‌కు వెళ్ళినప్పుడు జఠరిక పేసింగ్ ఎంత శాతమో అడిగి రాసుకోండి. ఇరవై శాతం దాటి ఉంటే, ఎకో ఎప్పుడు తీశారో చూడండి. పెట్టక ముందు ఈఎఫ్ ఎంత, ఇప్పుడెంత అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి వైద్యుడికి చూపించండి. కొత్త ఆయాసం వస్తే వయసు మీదికి నెట్టకండి. బాగున్నవాళ్ళు కంగారు పడి తీగ మార్పించుకోనక్కర్లేదు. పాత తీగతో ముప్పై ఏళ్ళు సుఖంగా ఉన్నవాళ్ళు బోలెడంత మంది. కొత్తగా పెట్టించుకోబోయేవాళ్ళు మాత్రం ఆపరేషన్‌కు ముందే అడగండి: నాకు ఎంత శాతం పేసింగ్ పడొచ్చు, తీగ ఎక్కడ పెడతారు, ఎడమ శాఖ పద్ధతి మీ దగ్గర ఎంతమందికి చేశారు అని.

అక్కయ్య పాత ఈసీజీ, కొత్త ఈసీజీ రెండూ తెచ్చాను. భోజనాల హాల్లో ద్వారం పక్క బల్ల మీద పెడతాను, పక్కపక్కనే చూడండి. అనుమానాలుంటే ఆవిడనే అడగండి, ఈ నాలుగేళ్ళలో నాకంటే బాగా నేర్చుకుంది. నాకిచ్చిన ఇరవై నిమిషాలు అయిపోయాయని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు.